నడుముకు చిల్లు పడ్డ నల్ల బాన

నేను ఒక నల్ల బానను. నడిసముద్రంలో ఒక పొద్దున నా నడుముకు చిల్లు పడిందనీ, తాగే నీళ్ళు సగం కారిపోయాయనీ తెలిసేసరికి ఓడలో అందరి నోళ్ళూ ఎండిపోయాయి.

నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి మాట. సింధు ఒడ్డున ఒక కుమ్మరామె నన్ను చేసి, నల్లమట్టి పూసి కాల్చింది. పనితనం ఆమెది, గర్వం నాది. ఎర్రరాతి పూసలు, ఏనుగు దంతం వేసుకుని ఓడ పడమటి నగరాలకు బయలుదేరింది. పూసలు తొలిచే ఉద్దయ్య కూడా ఎక్కాడు. సరుకు గురించి అంత జాగ్రత్తపడ్డ మనుషులు నీళ్ళకు మాత్రం నన్నొక్కదాన్నే నమ్ముకున్నారు.

అనుమానం ఇగను మీద పడింది. అతను రాగికొండల దేశం నుంచి వచ్చిన తెడ్డువాడు. మాట వేరు, దేవుడు వేరు; నేరం మోపడానికి ఇంకేం కావాలి? సముద్రంలోకి తోసేద్దామన్నారు. అడ్డుపడ్డది ఉద్దయ్య ఒక్కడే.

ఓడ నడిపే సరంగు నా చిల్లులో వేలు పెట్టి చూశాడు. గుండ్రంగా, నున్నగా ఉంది. పైగా అడుగున కాదు, నడుమున. కక్షగలవాడు సగం నీళ్ళు ఎందుకు మిగులుస్తాడు? ఆ మాట పైకి అనకుండా, ఇగనును వదిలెయ్యమని చెప్పి, అన్నిటికన్నా దగ్గరైన రాగికొండల తీరానికి ఓడ తిప్పాడు.

ఒడ్డున ఇగను వాళ్ళే నీళ్ళు పోశారు. అతణ్ణి తోయబోయిన చేతులే దోసిళ్ళు పట్టాయి. ఇగను తల్లి, పడమటి నగరాల నుంచి వచ్చిన తారు కాచి నా చిల్లు పూడ్చింది. దారిలో నీళ్ళకు తోలుసంచులిచ్చింది. బదులుగా ఓడవాళ్ళు నన్ను ఆమెకిచ్చారు. ఆ కుమ్మరామె చేసిన నా తోటి బానలన్నీ ఎప్పుడో పెంకులయ్యాయి. సింధు మట్టి, పడమటి తారు, ఆ తల్లి చెయ్యి కలిసి నన్ను ఇవాళ్టి దాకా, ఈ మ్యూజియం గాజుపెట్టె దాకా తెచ్చాయి. ఆ చిల్లు ఎలా పడిందో తెలియదని పక్కన రాసి పెట్టారు. నాకు తెలుసు. ఆ చిల్లు పెట్టినవాడికి రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఓడ ఒడ్డు చేరిన ఆ సాయంత్రం ఉద్దయ్య ఒక గుడిసె ముందు పసిపిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. సరంగు వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"మామా, అంత నున్నగా బెజ్జం వేసే చెయ్యి ఓడలో నీదొక్కటే."

"నేనే వేశాను. నా కూతురు ఇక్కడి రాగి కరిగించేవాణ్ణి చేసుకుని వచ్చేసింది. ఏటా ఈ ఒడ్డు పక్కనుంచే పోతావు, ఆగమంటే గాలి తప్పిపోతుందంటావు. అడుగున వేస్తే అందరం చస్తామని నడుమున వేశాను. ఇగను మీదికి పోతుందనుకోలేదు, వాడి కాళ్ళు పట్టుకున్నాను. నన్నేం చేస్తావో చెయ్యి. కాస్త మెల్లగా మాట్లాడు, నా మనవరాలు ఇప్పుడే నిద్రపోయింది."