ఓడితే ఓడామనే చెప్పు

వేడి వేడి దుప్పట్లను డ్రయర్‌లోంచి లాగి బల్ల మీద కుప్ప పోసి, మూలకు మూల కలిపి మడతపెడుతూ వర్నా స్టిడమ్ ఆ రోజు బాస్కెట్‌బాల్ ఆటను అప్పుడే ఆడించేస్తోంది. అసలు ఆట, ఓడితే ఈ ఏటికి ఇంటికే అనే టోర్నమెంటు ఆట, మధ్యాహ్నం పన్నెండుంబావుకు. ఇంకా తొమ్మిదైనా కాలేదు.

“మన పొడుగు కుర్రాడికి మొదట్లోనే రెండుసార్లు బంతి అందించాలి. అందలేదో, మూతి ముడుచుకుని ఆ మూల నిలబడిపోతాడు. ఈ సంగతి కోచ్‌కి తప్ప అందరికీ తెలుసు,” అంది దుప్పటితో.

ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. భుజాలు వెడల్పు, మెడ పొట్టి. ముంజేతుల మీద ఇస్త్రీ యంత్రం పెట్టిన పాత వాతలు తెల్లగా మెరుస్తుంటాయి. కెంటకీ కొండల్లోని ఆ వృద్ధాశ్రమం నేలమాళిగలో ముప్పై ఒక్క ఏళ్లుగా బట్టలు ఉతుకుతోంది. రాష్ట్ర విశ్వవిద్యాలయం నీలి జట్టు ఆడే స్టేడియం రెండున్నర గంటల దూరం. ఇంతవరకూ ఒక్కసారీ వెళ్లలేదు. వెళ్లలేదన్న బెంగా లేదు. అక్కడికి వెళ్లినవాళ్లకంటే తనకే ఆట బాగా తెలుసని ఆమె నమ్మకం, అది చాలామటుకు నిజం కూడా.

చిన్నప్పుడు అన్నయ్య బొగ్గుల కొట్టు గోడకి అడుగు ఊడిన కొవ్వు డబ్బా ఒకటి కొట్టిపెట్టాడు. వర్నా దాన్లోకి రోజుకి రెండొందల సార్లు బంతి వేసేది. అన్నయ్యకంటే బాగా వేసేది, అందుకే అన్నయ్య మానేశాడు. బళ్లో మాత్రం ఆడపిల్లలకు జట్టు లేదు. రాష్ట్రంలోనే ఎప్పుడో తీసేశారు. ఆమె బడి వదిలిన మూడేళ్లకు ఆడపిల్లల జట్లు తిరిగొచ్చాయి. అప్పటికి ఆమెకు పెళ్లయి, ఆ పెళ్లి సగం చెడింది కూడా.

ఆడలేకపోయినా ఆటను వదల్లేదు. మగపిల్లల జట్టు పొరుగూళ్లకు ఆడటానికి వెళ్తే, వాళ్ల బస్సులో ఆమె కూడా ఎక్కేది. డ్రైవరు ఎస్టిల్ నోబుల్ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆయన ఆట పిచ్చివాడే గానీ చలికాలంలో ఇంజను చల్లారితే మళ్లీ అంటుకోదు కాబట్టి బస్సు దిగేవాడు కాదు. వర్నా విరామంలో ఒకసారి, అయ్యాక ఒకసారి పరుగెత్తుకొచ్చి ఎవరు ఎక్కడ్నుంచి వేశారో, ఎవడు ఎందుకు తప్పాడో పూసగుచ్చినట్టు చెప్పేది. అదే ఆమె కట్టే బస్సు టిక్కెట్టు.

ఇప్పుడు ఆ ఎస్టిల్ గారే పైన పద్నాలుగో గదిలో ఉన్నాడు. ఎనభై అయిదేళ్లు, రెండు కళ్లూ పోయాయి. ఈ కొండల్లో ఆట రోజున ఏ ఇంట్లో చూసినా టీవీ నోరు మూసేసి రేడియో పెట్టుకుంటారు. టీవీలో మాట్లాడేవాడు అందరివాడు, రేడియోలో మాట్లాడేవాడు మనవాడు. ఆ లెక్కన ఎస్టిల్ గారికి బాస్కెట్‌బాల్‌తో పేచీ లేదు. చిక్కల్లా శుక్రవారం సాయంత్రం వచ్చే ఫుట్‌బాల్ సీరియల్‌తోనే. టెక్సస్‌లో ఎక్కడో ఒక చిన్న ఊరి బడి జట్టు, కుంటి కాలి కోచ్, మోటెల్ నడిపే వితంతువు. దానికి రేడియో లేదు. అందుకని వర్నాయే రేడియో అయింది.

“వితంతువు తలుపు దగ్గరికొచ్చింది. కోచ్ ఎడమవైపు. ఈయన మాట ముందుకు తోశాడు, ఆవిడ అడ్డుకుంది. ఫౌలైంది, ముమ్మాటికీ ఫౌలే, ఎవరూ ఈల వేయలేదు,” అని ఆమె చెప్తుంటే ఎస్టిల్ గారు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

పోయిన నెల ఆయనకు విపరీతంగా జ్వరం వచ్చింది. ఆ వారం సీరియల్లో ఊరి జట్టు పెద్ద ఆట ఓడిపోయింది. వర్నాకు ఆ ముఖం చూసి నోరు రాలేదు. గెలిచారని చెప్పేసింది. చివరి నిమిషంలో నలభై గజాల పరుగు కూడా తనే కల్పించి మరీ చెప్పింది. పై వారం కోచ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు.

“గెలిచినోణ్ని ఎందుకు తీసేశారే?” అన్నాడు ఎస్టిల్ గారు.

వర్నా సరిగ్గానే ఉన్న దుప్పటిని మళ్లీ సర్దింది.

“చూడమ్మాయ్. నలభై ఏళ్ల కిందట బస్సులో నువ్వు నాకు ఒక్క పాయింటు కూడా అటూ ఇటూ చెప్పలేదు. ఇప్పుడు గుడ్డోణ్ని చేసి ఆడుకుంటావా? ఓడితే ఓడామనే చెప్పు. ఒట్టెయ్.”

ఒట్టేసింది.

ఈ సోమవారం నుంచి ఆయన ముద్ద మింగడం లేదు. నర్సు జనెల్ పొద్దున మెట్ల మీద ఎదురై, “ఇవాళో రేపో, వర్నా,” అంది. వర్నా తలూపి, “అయితే ఆట ఇవాళే,” అని దుప్పట్ల బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

పన్నెండుంబావుకు మడతల బండితో సహా పద్నాలుగో గదిలో కూర్చుంది. ఎస్టిల్ గారు గోడవైపు తిరిగి ఉన్నాడు. శ్వాస పైపైనే ఆడుతోంది. రేడియో పెట్టగానే వేలు ఒకటి కదిలింది. ఎదుటి జట్టు ఉత్తరాదిలో ఎవరికీ తెలియని చిన్న కాలేజీ. “పదిహేను పాయింట్ల తేడాతో పోతారు,” అని వర్నా తేల్చేసింది. పొడుగు కుర్రాడికి మొదట్లోనే బంతి అందింది కూడా. అయినా చిన్న కాలేజీ వాళ్లు పోలేదు, జిగురులా అంటిపెట్టుకుని ఉన్నారు.

ఇంకా నాలుగు నిమిషాలుందనగా కొండ మీద వాన పట్టుకుంది. రేడియో గరగరలాడి, ఎవరిదో ప్రార్థన కాసేపు వినిపించి, ఆగిపోయింది. నెత్తి మీద ఎంత మొట్టినా మనవాడి గొంతు రాలేదు.

“వర్నా,” అన్నాడు ఎస్టిల్ గారు. రెండు రోజుల్లో అదే తొలి మాట.

“ఇక్కడే ఉన్నా.”

ఆమె గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. ఒక చెవి గదివైపు, ఒక కన్ను వరండా చివర హాల్లోని టీవీవైపు. హాల్లో ఓపల్ సైజ్‌మోర్ అనే ముసలావిడ ఒక్కతే ఉంది, అది కూడా గడ్డం గుండెల మీద పెట్టుకుని నిద్రపోతోంది. వర్నా ఒక దుప్పటి చేతిలోకి తీసుకుని, మడతపెడుతూ గొంతెత్తింది.

“మనం అరవై రెండు, వాళ్లు అరవై. మన పొట్టివాడు బంతి తెస్తున్నాడు. కుడివైపు ఇచ్చాడు. ఇవ్వకూడదు, ఇచ్చాడు. లాగేసుకున్నారు.”

నిమిషాలు గడిచాయి. ఆమె మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్లీ మడతపెట్టింది. ఎనిమిది సెకన్లుండగా నీలి జట్టు అరవై ఏడు, వాళ్లు అరవై ఆరు. పొడుగు కుర్రాడికి ఎవరూ అడ్డుకోకుండా వేసే ఫ్రీ త్రోలు రెండు. మొదటిది అంచుకు తగిలి పోయింది. రెండోది అంచుకైనా తగల్లేదు.

“రెండూ తప్పాడు,” అంది వర్నా.

అవతలివాడు బంతి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క పరుగు తీసి వేసేశాడు. మిగిలింది మూడు సెకన్లు. నీలి జట్టువాడు సగం మైదానం నుంచి విసిరాడు. బంతి ఇనుప చక్రం లోపల రెండు చుట్లు తిరిగి బయటికొచ్చింది.

జనెల్ ఎప్పుడొచ్చిందో పక్కనే ఉంది. వర్నా చెయ్యి పట్టుకుని చెవిలో అంది: “గెలిచామని చెప్పెయ్యవే. మళ్లీ వారం అడగడానికి ఉండడు కదా పాపం.”

అదే నిజం. ఈసారి పట్టుకునేవాళ్లు లేరు. ఆ బంతిని లోపలికి వేయడానికి ఒక్క మాట చాలు. వర్నాకు ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మనిషి మీద ప్రేమ కొద్దీ వచ్చింది, అందులో దాపరికం ఏమీ లేదు. ఆమె దుప్పటిని బండి మీద పెట్టి, మంచం దగ్గరికి వెళ్లి, ఆయన చెవి దగ్గరికి వంగింది.

“ఓడాం ఎస్టిల్ గారూ. అరవై ఎనిమిది, అరవై ఏడు. చివరి బంతి లోపలికెళ్లి బయటికొచ్చింది.”

ఆయన పెదవులు కదిలాయి.

“ఫ్రీ త్రోలు,” అన్నాడు విసుగ్గా.

“రెండూనూ.”

“గాడిద.” ఊపిరి తీసుకున్నాడు. “సరే. వచ్చే ఏడు చూద్దాం.”

నాలుగున్నరకు జనెల్ కిందికొచ్చి ఆయన పోయాడని చెప్పినప్పుడు వర్నా తువ్వాళ్లు యంత్రంలో వేస్తోంది. మీట నొక్కి, నీళ్లు నిండేదాకా అక్కడే నిలబడింది. ఎవరూ చూడకుండా కాదు, జనెల్ ఎదుటే ఏడ్చింది. ఆపైన ముక్కు చీదుకుని, ఎక్కువ వేశానని రెండు తువ్వాళ్లు బయటికి తీసింది.

ఏడింటికి ఇంటికి పోకుండా హాల్లో సీరియల్ ముందు కూర్చుంది. ఈ ఏటికి చివరి భాగం. ఆఖరి క్షణంలో బంతి గాల్లో ఉంది, కుర్రాడు ఎగిరాడు, తెర నల్లబడిపోయింది. ఓపల్ కుర్చీ చెయ్యి మీద దబదబా బాదింది.

“ఇదేం అన్యాయమే! పట్టాడా, పట్టలేదా?”

“పట్టలేదు,” అంది వర్నా. “ఎగిరేముందే కాలు గీత దాటింది. నేను చూశా.”

“అబ్బో, నువ్వు చూడందేముందిలే!”

“ఏమీ లేదు,” అంది వర్నా, లేచింది.

పద్నాలుగో గది పక్కబట్టలు ఇంకెవరినీ తియ్యనివ్వలేదు. తనే తీసి కిందికి తెచ్చుకుంది. ఉతికే ముందు జేబులు చూడటం ఆమెకు అలవాటు. ఆయన చొక్కా జేబులో ఒక అట్టముక్క తగిలింది. పెట్రోలు బంకులో ఊరికే ఇచ్చే ఈ ఏటి ఆటల పట్టిక. కళ్లు లేని మనిషికి పట్టికెందుకని దీపం కిందికి పట్టింది. గెలిచిన ప్రతి ఆటకు ఎదురుగా గోటితో నొక్కిన గాటు ఉంది. వేలు పెడితే తెలుస్తోంది. ఓడినచోట ఏమీ లేదు. ఆమె చెప్పినవీ రేడియో చెప్పినవీ అన్నీ ఉన్నాయి, ఒక్కటీ తప్పు పోలేదు. వెనకవైపు ఇంకో ఏడు గాట్లు. సీరియల్లో ఆ ఊరి జట్టు గెలిచినవి ఆరే. ఏడోదాన్ని గోటితో రుద్ది రుద్ది చదును చేశాడు.

వర్నా యంత్రం ఆన్ చేసి, కోటు తొడుక్కుని, దీపం ఆర్పకుండానే మెట్లెక్కింది. మడతల బల్ల మీద ఆ కార్డు అంచులు కాస్త పైకి లేచి ఉన్నాయి. అట్టడుగు వరసలో, టోర్నమెంటు అని అచ్చేసిన చోటుకు ఎదురుగా, అట్ట నున్నగా ఉంది.