తొలకరి రాయి

కృపానందం త్రాసు పళ్లేలను మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. వీపు కాస్త వంగింది. వేళ్ల కొసలు ఆసిడు మరకలతో పచ్చబారాయి. ఆదోని హైస్కూల్లో నేల ఊడ్చే పనికి చేరి సైన్సుగదికి అటెండరైన మనిషి. రాళ్ల సాంద్రత లెక్క కట్టడం అతనికి సైన్సు అయ్యవారు శ్రీపాదరావు ఓపికగా నేర్పాడు.

తొలకరి పడితే పల్లెల్లో జనం వజ్రాల కోసం చేలలో తిరుగుతారు. మెరిసే రాయి దొరికినవాళ్లు కొందరు ఈ గది వెతుక్కుంటూ వస్తారు. ఇన్నేళ్లలో ఒక్కటీ వజ్రం కాలేదు. కృపానందం తండ్రి కూడా కూలి మానుకుని, తల వంచుకుని చేలలో తిరిగి తిరిగి పోయినవాడే. అందుకే ‘కాదు’ అని చెప్పడం అతనికి ఎప్పుడూ బరువే.

ఆ ఉదయం చిప్పగిరి వైపు నుంచి హనుమంతమ్మ వచ్చింది. భర్త పోయిన కూలిమనిషి. కొంగుముడి విప్పి, రేగుపండంత రాయిని బల్లమీద పెట్టింది. కూతురు కడుపులో ఉన్న ఏడాది దొరికిందట, ఎవరైనా లాక్కుంటారేమోనని ఇన్నాళ్లూ ఎవరికీ చూపలేదట. ఒకటి దొరికిన చేన్లో ఇంకొకటి దొరకదా అని, అప్పటినుంచీ ఆ ఊరు విడవలేదట. ఎమ్మిగనూరులో మగ్గం నేసే అన్న గోవిందన్న ఎన్నిసార్లు పనికి పిలిచినా పోలేదట. ఇప్పుడతను మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని బస్సుల దగ్గర కాచుకున్నాడు. రాయి వజ్రమైతే ఇంకొకటి వెతకడానికి ఆమె ఊరికి తిరిగిపోతుంది. కాకుంటే అన్నవెంట పోతుంది.

కృపానందం రాయిని తూచాడు. దారం కట్టి, గ్లాసు నీళ్లలో మునిగేలా వేలాడదీసి మళ్లీ తూచాడు. నీళ్లలో ఎంత బరువు తగ్గిందో అంత బరువు ఇసుకను ఒక్కో కుప్పగా, మూడు కుప్పలు పోశాడు. వజ్రమైతే మూడు కుప్పలు పెట్టినా త్రాసు రాయివైపే మొగ్గాలని చెప్పి, రాయిని పొడిగా తుడిచి ఒక పళ్లెంలో ఉంచాడు.

“నువ్వే పెట్టి సూడమ్మా.”

ఆమె మొదటి కుప్ప పెట్టింది. రాయి కదల్లేదు. రెండోది పెట్టింది. అప్పుడూ కదల్లేదు. మూడోది పెట్టింది. ఇసుక పళ్లెం మెల్లగా కిందికి దిగింది, రాయి పైకి లేచింది.

హనుమంతమ్మ గోడకు చేరగిలబడి నేలమీద కూర్చుంది. కృపానందం పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

“వజ్రం కాదు, పలుగురాయమ్మా. మా నాయనకు ఇట్ల తూసి సెప్పేవాళ్లు ల్యాకపోయిరి.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

“పోనీలేన్నా. ఇంగ ఆ సేను నన్ను పట్టుకోదు.”

రాయిని తీసుకుంది. పిల్ల అచ్చనగాయలు ఆడుకుంటుందంటూ సన్నగా నవ్వింది. వరండా దాటి బస్సుల వైపు నడిచింది. వచ్చేటప్పటికన్నా వడిగా నడుస్తోంది. కృపానందం గడపలో నిలబడి ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు. ‘కాదు’ అన్న మాట చెప్పి ఇంత తేలికపడడం అతనికి ఇదే మొదలు.

నీళ్లు పారబోద్దామని లోపలికి వచ్చి గ్లాసు ఎత్తినవాడు ఆగిపోయాడు. అడుగున, రాయి పగుళ్లలోంచి దిగిన చిప్పగిరి ఎర్రమన్ను పలచగా పేరుకుని ఉంది.