ఉప్పు చూసే నాలుక

తన మొగుడంత మంచివాడు పగవాళ్ళకి కూడా దొరక్కూడదని చప్పిడమ్మ రోజూ కోరుకునేది. తాగడు, తిరగడు, గొంతు పెంచడు. ఏం పెట్టినా తింటాడు, ఎంత పెట్టినా తింటాడు, పెట్టడం ఆపితే మాత్రం చిన్నపిల్లాడిలా గిన్నెవంక చూస్తాడు. ఆ మంచితనమంతా పోయి పొట్టలో చేరింది. చొక్కాకి మూడో గుండీ కుట్టి కుట్టి ఆమె వేలికి చిల్లులు పడ్డాయి. ఇంతటి సాధువు మీద ఎవరితో మొర పెట్టుకున్నా, నీకేం తక్కువే తల్లీ అని ఎదురు చీవాట్లే.

చప్పిడమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో వండిన మొదటి కూరకి అత్తగారు ఇచ్చిన బిరుదు. కాలేజీకి వెళ్ళి కష్టపడి తెచ్చుకున్న పట్టా పెట్టె అడుగున పడి ఉంది గానీ, ఈ బిరుదు మాత్రం చుట్టాలందరి నోళ్ళలోనూ స్థిరపడిపోయింది.

ఆ రోజునుంచే ఇంట్లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. కూర పొయ్యి దిగేముందు అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అరచెయ్యి చాపుతారు. కోడలు గరిటెతో ఒక చుక్క వెయ్యాలి. ఆవిడ నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని, లోపలెక్కడో విచారణ జరిపి తీర్పు చెబుతారు. "ఇంకొంచెం" అంటే ఇంకొంచెం ఉప్పు. "ఊఁ" అంటే కూర బల్లమీదికి వెళ్ళవచ్చు. మొదట్లో ఆ తీర్పుల్లో న్యాయం ఉండేది. ఆవిడ నాలుక నిజంగానే కంసాలి త్రాసు. ఇష్టం లేకపోయినా ఆ మాట కోడలు ఒప్పుకుంటుంది. మామగారు పోయాక బీరువా తాళాలు కోడలి చేతికి వచ్చాయి, బజారు పని ఆమెదే అయింది, టీవీ రిమోటు కొడుకు గుప్పిట్లోకి పోయింది. పెద్దావిడకి మిగిలింది ఆ అరచెయ్యి ఒక్కటే.

ఆ తరవాతెప్పుడో త్రాసు మొగ్గడం మొదలైంది. ఒక "ఇంకొంచెం" రెండయింది, రెండు మూడయ్యాయి. భోజనానికి వచ్చినవాళ్ళు ముద్దకో గ్లాసు నీళ్ళు తాగి, వంట అద్భుతమని మెచ్చుకుని, మళ్ళీ పిలిస్తే పనుందనేవాళ్ళు. హాస్టల్లో చదువుకుంటున్న కూతురు సెలవులకి వచ్చి, మొదటి ముద్ద దగ్గరే ఆగిపోయి, ఇది కూరా సముద్రమా అని అడిగింది. నాయనమ్మ మొహం మాడిపోయింది. అప్పుడు మన సాధువు తలెత్తకుండానే, హాస్టలు తిండికి నీ నోరు చచ్చింది, కూర బ్రహ్మాండంగా ఉంది అన్నాడు. రుజువుగా ఇంకో గరిటె వడ్డించుకున్నాడు కూడా. చప్పిడమ్మ తన నోటినే అనుమానించుకుంది. ఇరవై ఏళ్ళుగా ఆ బిరుదు మోస్తున్న మనిషి వచ్చి ఉప్పెక్కువైందంటే ఆ సాక్ష్యం చెల్లుతుందా?

ఆయన పని పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట క్రేన్ నడపడం. మేడలకన్నా ఎత్తున, గాజు గదిలో కూర్చుని, ఇనుప దూలాలని ఈకల్లా ఎత్తి దించుతాడు. కింద తిరిగే మనుషుల తలలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి గనక కంపెనీవాళ్ళు ఏటా డాక్టరమ్మ చేత పరీక్ష చేయిస్తారు. ఈసారి చేతికి చుట్టిన పట్టీ గాలి వదిలేసరికి ఆవిడ మొహం మారింది. ఇంకోసారి చుట్టి చూసి, ఈ బీపీతో నిచ్చెన ఎక్కడానికి వీల్లేదంది. మాత్ర రాసిచ్చింది. మూడు నెలల్లో రక్తపోటూ బరువూ దిగకపోతే ఆ సీటు ఇంకొకరికి శాశ్వతంగా ఇచ్చేస్తారు. అందాకా కింద స్టోరులో కూర్చుని కూలీలకి హెల్మెట్లూ గ్లౌజులూ పంచాలి. ఆకాశంలో బతికిన మనిషికి అది బతికుండగానే పాతిపెట్టడం లాంటిది.

ఉప్పు ఎంత తింటారని డాక్టరమ్మ అడిగితే, "వంట మా ఆవిడ చేస్తుందండీ" అన్నాడట. దాంతో చప్పిడమ్మని కూడా పిలిపించారు. చదువుకున్నవారు, మీకు ఆమాత్రం తెలియదా అని డాక్టరమ్మ అడిగింది. చప్పిడమ్మ అరచెయ్యి సంగతి చెప్పబోయి పక్కకి చూసింది. మొగుడు ఎదురుగోడమీద వేలాడుతున్న గుండెకాయ బొమ్మని తొలిసారి చూస్తున్నవాడిలా పరీక్షిస్తున్నాడు. ఆమె మాట మింగేసింది. ఇంటికొస్తే అత్తగారు గుమ్మంలోనే అందుకున్నారు. "లక్షణమైన పిల్లాణ్ణి నీ చేతిలో పెట్టాను కదా అమ్మాయ్, ఏం మేపావు వాడికి?"

ఆ సాయంత్రమే వంటింట్లో ప్రభుత్వం మారింది. చిప్సు పొట్లాలూ బిస్కట్ డబ్బాలూ పనిమనిషి ఇంటికి వెళ్ళిపోయాయి, ఊరగాయ జాడీ అటకెక్కింది. చప్పిడమ్మ నూనె సీసా వంచడం మాని చెంచాతో కొలవడం మొదలుపెట్టింది. వేపుళ్ళ బదులు ఆవిరిమీద ఉడికించిన కూరలు వచ్చాయి. ఆయన పళ్ళేన్ని లోపల పెట్టి కూతురి చిన్నప్పటి పళ్ళెం తీసింది. అందులో సగం కూరగాయలే. ఉప్పు సగానికి తగ్గించి, ఆ లోటు నిమ్మకాయతోనూ మిరియాలతోనూ వెల్లుల్లితోనూ పూడ్చింది. సాయంత్రాలు ఆయన్ని వీధి చివరిదాకా నడిపించుకు వెళ్ళేది. మనిషి బుద్ధిమంతుడు, నడవమంటే నడిచాడు. నెల తిరిగేసరికి మూడో గుండీ తన చోట తాను నిలబడింది.

అరచెయ్యి మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు. పొయ్యి దగ్గర కోడలు తగ్గించిన ఉప్పంతా "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ గుమ్మం దగ్గర తిరిగి వచ్చేసేది. ఈ తంతు ఆపిద్దామని మొగుడితో అంటే, పెద్దావిడ దగ్గర ఆ ఒక్కటే మిగిలింది, అది కూడా లాక్కోకు అన్నాడు. కన్నతల్లి మీద ఎంత ప్రేమో అని ఆమె నోరు మూసుకుంది.

రెండోసారి పరీక్షకి వెళ్తే అయిదు కిలోలు తగ్గాడని డాక్టరమ్మ మెచ్చుకుంది. ఆ తరవాత పట్టీ చుట్టింది. రక్తపోటు దాదాపు ఉన్నచోటే ఉంది. ఇంట్లో ఎక్కడో ఉప్పు పడుతూనే ఉంది, అలాంటప్పుడు మాత్ర మింగడం చిల్లు కుండలో నీళ్ళు పొయ్యడమే అంది. ఇంకొక్క నెలే గడువు. గాజు గదిలో కూర్చోవడానికి కొత్తమనిషిని అప్పటికే తీసుకొచ్చారు కూడా. ఆ రోజు ఆయన అన్నం కెలికి లేచిపోయాడు. చేతకాని వంట చేసి కొడుకు కూడు పడగొడుతోందని అత్తగారు పక్కింటావిడతో అంటుంటే కోడలికి వినిపించింది. వినిపించాలనే అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం చప్పిడమ్మ ఒకటే కూర రెండు గిన్నెల్లో తెచ్చి బల్లమీద పెట్టింది. మొగుడు ఎదురుగా కూర్చున్నాడు. "అత్తయ్యా, ఈ రెండిట్లో ఏది సరిపోయిందో మీరే చెప్పాలి" అంది, మొహంలో ఎక్కడా నవ్వు లేకుండా. లోపల మాత్రం బోలెడు నవ్వు ఉంది.

పెద్దావిడ మొదటి గిన్నెలోది అరచేతిలో వేయించుకుని రుచి చూశారు. "ఇంకొంచెం." రెండోది చూశారు. "ఇంకొంచెం." ఏ గిన్నెలో ఉప్పెక్కువ ఉందని కోడలు అడిగితే, మళ్ళీ మొదటిది చూశారు, మళ్ళీ రెండోది చూశారు. మొగుడు నీళ్ళ గ్లాసు అటూ ఇటూ జరిపాడు.

ఎన్నో ఏళ్ళ బిరుదుకి బదులు చెప్పే మాట చప్పిడమ్మ నోటిదాకా వచ్చింది. "మొదటి దాంట్లో అసలు ఉప్పే వెయ్యలేదు అత్తయ్యా. రెండోది రోజూ మీరు సరే అనేదే."

ఆ మాట తియ్యగా ఉంటుందనుకుంది. ఉండలేదు. పెద్దావిడ తన అరచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు. ఒక్కసారిగా చిన్నగా అయిపోయినట్టు కనిపించారు. "అయితే వాడికి ఇన్నాళ్ళూ నేనేనా పెట్టింది" అన్నారు, ఎవరినీ అడగనట్టు.

చప్పిడమ్మ మొగుడివైపు చూసింది. ఆ మొహంలో బాధ ఉంది, భయం ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు. పాత వార్త మళ్ళీ వింటున్నవాడిలా ఉన్నాడు.

"మీకు తెలుసు" అంది ఆమె.

ఆయన నీళ్ళ గ్లాసు పక్కన పెట్టాడు. తరవాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. అమ్మకి ఉప్పు తెలియడం లేదని నాన్న పోయిన ఏడాదే తెలిసిందట. తోటివాళ్ళ డబ్బాల్లో కూర తింటే తేడా తెలిసేదట. మొదట్లో తన డబ్బాలోది పారబోసేవాడు, పోనుపోను అలవాటైపోయింది. అమ్మతో ఆ మాట అంటే మనిషి కూలిపోతుందని ఊరుకున్నాడు.

"మరి డాక్టరమ్మ ముందు నన్నెందుకు నిలబెట్టారు?"

"ఎవరో ఒకరు మాట పడాలి కదా" అన్నాడు. "నువ్వయితే పడతావు."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నోట ఆమె విన్న మొట్టమొదటి నిఖార్సయిన నిజం అది. ఏడుపు రాలేదు. ఆయన ఏం పెట్టినా తిన్నాడని మురిసిన రోజులన్నీ వరసగా గుర్తొచ్చి, ఒక్కొక్కటే చేదెక్కాయి.

ముందుగా కదిలింది పెద్దావిడే. రెండు గిన్నెలూ దూరంగా తోసేశారు. "నా నాలుక చచ్చిందిరా, సరే. నీ నోటికేమొచ్చింది?"

"తప్పయిపోయిందమ్మా."

"నాకెందుకు చెబుతావు. దానికి చెప్పు."

ఆయన కుర్చీలో మెల్లగా భార్యవైపు తిరిగాడు.

"తప్పు నాదే" అన్నాడు. "అమ్మది కాదు, నీ వంటదీ కాదు. సీటు పోయినా నావల్లే పోతుంది. తెలిసి తెలిసి నీమీదికి తోశాను."