డిక్కీ ధర్మాసనం

ఒక పాట బతకాలో చావాలో తేల్చే అంతిమ న్యాయస్థానం కారు డిక్కీ. మా హ్యూస్టన్ సౌత్ పార్క్‌లో దాని తీర్పుమీద అప్పీలు లేదు. స్టూడియోలో ఎంత ఘనంగా పలికినా సరే, డిక్కీలో బిగించిన పదిహేనంగుళాల స్పీకర్లలోంచి మోగి నంబరు ప్లేటును గజగజలాడించని పాట బజారు ముఖం చూసేది కాదు. ఆ ధర్మాసనం మీద ఇరవయ్యేళ్లు ఏకైక న్యాయమూర్తిగా వెలిగినవాడు రూజ్‌వెల్ట్ గిలరీ. హిప్-హాప్ రికార్డుల కంపెనీ అధిపతి, ద్రాక్షరంగు క్యాడిలాక్ కారు స్వామి.

ఆయన కీర్తి నాలుగు కోర్టుల దస్తావేజుల్లో భద్రంగా ఉంది. మాట వినని రేడియో అనౌన్సరును లిఫ్టులో పెట్టి మధ్యాహ్నమంతా పైకీ కిందికీ తిప్పాడని ఒక కథ. అది అబద్ధం. అంత చవకైన ప్రచారం మరొకటి దొరకదు గనుక ఆయన ఏనాడూ ఖండించలేదు. పాటగాళ్లు భయంతో వచ్చి సంతకం పెట్టేవారు, అంతకు మించిన భయంతో వెళ్లిపోయేవారు.

సంతకం పెట్టని మనిషి ఒక్కతే, ఒడెస్సా ఫాంటెనో. ఆమె కొడుకు కెల్విన్ తల్లిమీద ఒక పాట రికార్డు చేసి, వారం తిరక్కుండా కారు ప్రమాదంలో పోయాడు. విడుదలకు ఒప్పుకోవాలంటే ముందు పాట వినిపించమంది తల్లి. ముందు సంతకం పెట్టమన్నాడు రూజ్‌వెల్ట్. అలా ఇరవై రెండేళ్లు గడిచాయి.

ఈలోగా కంపెనీ మూతపడింది. ఆయనకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆమెకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోయేదారిలో ఉంది. ఆ చెవి ఉండగానే కొడుకు గొంతు వినాలన్నది ఆమెకు మిగిలిన ఒకే కోరిక. ఒక శనివారం పొద్దున్నే రూజ్‌వెల్ట్ ఆ పాట టేపు చుట్ట చంకన పెట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"సంతకం అక్కర్లేదు, మిస్ ఒడెస్సా. అలిసిపోయాను."

"ఇన్నేళ్లు పట్టిందా అబ్బాయ్ నీకు అలిసిపోవడానికి?" అని ఆమె చర్చికి పెట్టుకునే టోపీ అందుకుంది.

పాత టేపును ఉన్నపళంగా తిప్పితే పూత ఊడిపోతుంది. సన్నని వేడిమీద గంటల తరబడి ఆరబెట్టాలి. సౌండ్ ఇంజినీరు లమార్ సైక్స్ తన స్టూడియోలో దాన్ని పండ్లు ఎండబెట్టే యంత్రంలో పెట్టి, సాయంత్రం రమ్మన్నాడు. ఆమె కదల్లేదు. రూజ్‌వెల్ట్ తెప్పించిన వేయించిన చేపను, ఆయనతో పలకకుండానే, ముల్లు మిగలకుండా తిన్నది.

సాయంత్రం టేపు తిరిగింది. ఇసుక రాలుతున్నట్టు బుస తప్ప ఏమీ లేదు. లమార్ మీటలన్నీ తిప్పిచూసి, దీన్ని ఎక్కడ దాచావని రూజ్‌వెల్ట్‌ను అడిగాడు.

"ఆఫీసుకి పోలీసులొస్తారు, వాటాదార్లొస్తారు. అందుకే కారు డిక్కీలో పెట్టాను. స్పీకర్ల వెనక, ఎవడి చెయ్యీ పట్టని సందులో."

"ఆ స్పీకర్ల వెనక అయస్కాంతాలు పళ్లేలంతేసి ఉంటాయి, బిగ్ రూజ్. టేపును తుడిచిపారేస్తాయి. ఇది నీకు నేను చెప్పాలా?"

న్యాయస్థానమే ముద్దాయిని మింగేసింది. రూజ్‌వెల్ట్ యంత్రం ఆపబోయాడు.

"ఉండనీ, మొత్తం వింటాను," అని ఆమె వినబడే చెవిని స్పీకరుకు ఆనించింది.

చుట్ట అయిపోవస్తుండగా బుస పలచబడింది. కెల్విన్ గొంతు, ఆరంటే ఆరు సెకన్లు: "సరే గానీ, నా బండికి అడ్డంగా ఎవడో కారు పెట్టిపోయాడు, తియ్యమను. అన్నానికి మా అమ్మ కనిపెట్టుకుని ఉంటుంది."

ఆమె మూడుసార్లు వేయించుకుని వింది. ఆ రోజు తను బెండకాయల పులుసు రెండుసార్లు వెచ్చబెట్టానని చెప్పి, ఆ కారు ఎవరిదని అడిగింది.

లమార్ రూజ్‌వెల్ట్ వైపు చూశాడు. ఆ రోజుల్లో స్టూడియో గుమ్మానికి అడ్డంగా కారు పెట్టే హక్కు ఒక్క ద్రాక్షరంగు క్యాడిలాక్‌కే ఉండేది.