‘స్వి’ దగ్గర ఆగిన మాట

పక్షవాతం వచ్చాక మా తమ్ముడికి పనిచేసేది కుడి చేతి బొటనవేలు ఒక్కటే. దాని కింద ఒక బటన్ పెట్టాం. కంప్యూటర్ తెర మీద అక్షరాలు వరసగా వెలుగుతుంటాయి. కావలసినది వెలిగినప్పుడు వాడు బటన్ నొక్కుతాడు. మాట పూర్తయ్యాక కంప్యూటర్ పైకి చదువుతుంది. ఒక్క వాక్యానికి అయిదు నిమిషాలు. వాడి నోరు అదే.

నాలుగు నెలలుగా పొద్దున్నే ఆ నోరు పడిపోతోంది. కంప్యూటర్ లేస్తూనే ‘యూఎస్‌బీ పరికరం దొరకలేదు’ అంటుంది. వైరు పీకి పెట్టి, స్విచ్చులన్నీ ఆపి మళ్లీ వేసి, నాలుగు తిట్లు తిడితే ఎప్పటికో దారికొస్తుంది. నేను తొమ్మిదికల్లా కొరియర్ ఆఫీసు కౌంటర్‌లో ఉండాలి. మొన్న మంగళవారం అది ఎంతకీ పలకకపోతే అలాగే వదిలేసి వెళ్లిపోయాను. వాడికి కాలు పట్టేసింది. సాయంత్రం దాకా ఆ నొప్పి సంగతి, పగలు వాణ్ని చూసుకునే ఆయాకి చెప్పలేకపోయాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు సెలవు పెట్టి మెకానిక్‌ని పిలిచాను. వీధిలో అందరూ ఆయన్ని ‘నిదానం’ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. వైరు మార్చాడు, టీ తాగాడు. వేరే సాకెట్‌లో గుచ్చాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు. తన లాప్‌టాప్‌కి తగిలిస్తే బటన్ భేషుగ్గా పనిచేసింది. మా కంప్యూటర్‌ని ఆపి మళ్లీ లేపితే అందులోనూ పనిచేసింది.

“మరి పొద్దున్నే దీనికేం రోగం?” అని గొణుక్కుని, తమ్ముడి వైపు తిరిగాడు. “మీరేమంటారు సార్?”

వాణ్ని అడగాలని నాకు ఏనాడూ తోచలేదు. వేలు కదిలింది. తెర మీద ‘స్వి’ పడింది.

“స్వీటు కావాలట,” అన్నాను. “నెల నుంచి ఇదే గోల. షుగరుందిరా, కుదరదని చెప్పానా!”

వేలు ఆగిపోయింది. నేను మాట అందించేస్తే వాడు ఆపేస్తాడు.

“ఉండండమ్మా,” అన్నాడు నిదానం. “సార్ చెప్పడం అవలేదు.”

చాలాసేపు కూర్చున్నాం. చివరికి కంప్యూటర్ చదివింది: “స్విచ్‌లు. అక్క ముందు కంప్యూటర్‌ది వేస్తుంది. పెట్టెది తర్వాత.”

కంప్యూటర్‌కి వైర్లు గుచ్చే సాకెట్లు చాలక, దానికి తగిలించేందుకు నాలుగు నెలల కింద ఒక చిన్న పెట్టె కొన్నాం. బటన్ దానికే తగిలించి ఉంటుంది, దానికి వేరే కరెంటు. పడుకునేముందు గోడ మీది స్విచ్చులన్నీ ఆపడం నా పద్ధతి. పొద్దున కంప్యూటర్‌ది వేసి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి మిగతావి వేస్తాను.

“అదీ సంగతి,” అన్నాడు నిదానం. “ఇది లేస్తూనే బటన్ కోసం ఒక్కసారి చూస్తుంది. అప్పటికి పెట్టెకి కరెంటు లేదు. ఇక మళ్లీ వెతకదు.”

అన్నీ ఆపి, పెట్టె స్విచ్ ముందు వేశాడు. బటన్ మొదటిసారికే పలికింది. మూడుసార్లు చేసి చూపించి వెళ్లాడు.

నెల రోజులుగా వాడు కంప్యూటర్ జబ్బేమిటో చెబుతుంటే, నేను షుగరు గురించి క్లాసు పీకాను. సిగ్గుతో వాడి మొహం చూడలేకపోయాను.

“ఇంకా ఏమేం చెప్పబోతుంటే అడ్డం పడ్డానురా?” అన్నాను.

అక్షరాలు వెలగడం మొదలైంది. ‘చా’ పడింది, తర్వాత ‘ల’. చాలు, పోనీలే అంటున్నాడనుకున్నాను. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. నోరు మూసుకుని నిలబడ్డాను.

“చాలా ఉన్నాయి,” అంది కంప్యూటర్. “కుర్చీ తెచ్చుకో.”