చింతపండు నీళ్ల ముంత

వెంకటనర్సుకు పొగరెక్కువ. ఉండదా మరి? ఇరవై ఏండ్లు రంగు బానలో చేతులు ముంచి నూలు అద్దినవాడు. మోత్కూర్‌లో కాస్టిక్ సోడాకు జంకని మనిషి తానొక్కడే అని అతని నమ్మకం. ఆ ఏడు నూలు దొరకక మగ్గాలు మూలపడ్డాయి. అదే సమయానికి డాక్ బంగళాకు దసరాలోపు రంగు వేయాలన్నారు. ముందు గోడల మీది నల్ల పాచి వదలాలి. భిక్షపతి మేస్త్రీ పట్నం నుంచి ఇత్తడి చేతిపంపు తెచ్చి, కాస్టిక్ నీళ్లు చిమ్మే మనిషి కోసం వెతుకుతుంటే, నర్సు తన భార్య ఆండాళును వెంటబెట్టుకుని పనికి వెళ్లాడు.

"పక్కకు మంచినీళ్ల డ్రమ్ము పెట్టిన. మీద పడ్తె గవ్వే పోస్కోవాలె," అన్నాడు మేస్త్రీ.

"నాకు చెప్తున్నవా మేస్త్రీ? తాతకు దగ్గులు నేర్పినట్టు!"

నర్సు తాను తెచ్చుకున్న చింతపండు నీళ్ల ముంత చూపించాడు. అద్దకం వాళ్ల అలవాటది. కాస్టిక్‌తో చేతులు జిగటపట్టి మండితే పులుపులో ముంచుతారు. అతని తాతా, బాపూ అదే చేశారు.

ఆండాళు పంపు కొడుతుంటే నర్సు గొట్టం పట్టుకుని గోడకు కింది నుంచి పైకి చిమ్ముతూ పోయాడు. నానిన పాచి నల్లగా కారింది. మధ్యాహ్నానికి కాస్టిక్ నీళ్ల బకెట్‌లో రాలిన సున్నపు పెచ్చేదో గొట్టం మూతిలో ఇరుక్కుంది. నర్సు చీపురుపుల్లతో పొడిచి పొడిచి విసుక్కున్నాడు.

"ఇటియ్యి. నీ మొద్దు వేళ్లకేమొస్తది?" అని నవ్వింది ఆండాళు.

వాడకట్టులో ఎవరి పడుగు తెగినా పోగులు అతకడానికి ఆమెనే పిలిచేవారు. వెంట్రుకంత పోగును మసక వెలుతురులో కూడా పట్టే కళ్లు. ఇన్నేండ్లు ఆ ఇల్లు నిలబడిందంటే ఆ కళ్ల చలవే.

పోగును చూసినట్టే ఆమె గొట్టం మూతిని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. పంపు కొట్టడం ఆపింది నిజమే కానీ, లోపల బిగబట్టిన నీళ్లు ఊరుకుంటాయా? పెచ్చు ఊడింది. ధార రెండు కళ్లలోనూ కొట్టింది.

"సచ్చిపోతున్ననే అవ్వా!"

మేస్త్రీ డ్రమ్ములోంచి బకెట్ ముంచుకుని ఉరికొచ్చాడు. "నర్సన్నా, నీళ్లు పొయ్యి, నీళ్లు!"

"జరుగు! ఉత్త నీళ్లకేమయితది? పులుపే విరుస్తది!"

నర్సు మేస్త్రీని నెట్టేసి, ఆమె రెప్పలు విప్పి, ముంతెడు చింతపండు నీళ్లు పోశాడు. ఆ బాధలో ఆండాళుకు వాళ్ల మాటలేవీ వినబడలేదు. ఆమె ఇంకా గట్టిగా అరిచింది. మందు పని చేస్తున్నదనుకున్నాడు, పాపం. కళ్లకు గుడ్డ కట్టి, బండి కట్టించి దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు చూసి అతన్ని పక్కకు పిలిచాడు. "మంచినీళ్లు ఎంతసేపు పోసిండ్రు?"

"పొయ్యలే సారూ. చింతపండు నీళ్లు..."

"అక్కడికక్కడ చాలాసేపు మంచినీళ్లు పోసుంటే ఒక్క కన్నన్నా దక్కేదేమో."

ఆ మాట నర్సు ఇంట్లో చెప్పలేదు. ఆండాళేమో పలకరించడానికి వచ్చిన ప్రతివారితోనూ ఒకటే చెప్పేది: "మా ఆయన ఎంటనే పులుపు నీళ్లు పోసిండు. లేకుంటే పాణమే పోతుండె." ఆమె మెచ్చుకున్నప్పుడల్లా అతను లేచి వాకిట్లోకి పోయేవాడు.

నెల తిరిగాక పక్కింటి లక్ష్మీనర్సమ్మ వచ్చింది. "మా ఆయన గూడ గదే పంపు పనికి పోతుండక్కా. భయమైతాంది."

"ఫికర్ పడకు. ముంత నిండ చింతపండు నీళ్లు పెట్టి పంపు," అంది ఆండాళు.

గడపలో కూర్చున్న నర్సు ఆ మాట విన్నాడు. ఊరుకుంటే తన పరువు దక్కుతుంది, ఇంకొకడి కళ్లు పోతాయి.

"పెట్టకు," అన్నాడు. "మంచినీళ్లే పొయ్యాలె. డాక్టర్ చెప్పిండు. నేను తప్పు చేసిన."

లక్ష్మీనర్సమ్మ లేచి వెళ్లిపోయింది. ఆండాళు అతని గొంతు వినబడ్డ వైపు తిరిగింది.

"ఆ దినం ఆడ నీళ్లు లేకుండెనా?"

"ఉండె."

"ఎంత దూరంల?"

"నీ పక్కకే. డ్రమ్ము నిండ."

లేవడానికి అతని భుజం కోసం చాచిన చెయ్యిని వెనక్కి తీసుకుని, ఆండాళు గోడ పట్టుకుని లేచింది.