నాలుగు పారల బండి

నేను ఒక చెట్లు పెకలించే యంత్రాన్ని. పెకలించడమంటే నరకడం అనుకునేరు. నరికేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకు నాతో పని లేదు. బతికున్న చెట్టును, దాని వేళ్లు పట్టుకున్న మట్టితో సహా నేలలోంచి ఎత్తి, ఇంకోచోట నాటేందుకు ఇవ్వడం నా వృత్తి. నన్ను చిన్న ట్రాక్టరు వెనక తగిలిస్తారు. గుర్రపు నాడాలాంటి చట్రం, దానికి నాలుగు పెద్ద పారలు, ఒక్కో పార వెనక ఒక్కో ఆయిల్ సిలిండరు. చెట్టు మొదలు చుట్టూ చట్రం మూసుకున్నాక పారలు నాలుగు వైపుల నుంచీ ఏటవాలుగా నేలలోకి దిగి అడుగున కలుసుకుంటాయి, దోసిలి పట్టినట్టు. కంపెనీలో పుట్టినదాన్ని కాదు కనుక నాకు కంపెనీ పేరు లేదు. కడియం చుట్టుపక్కల జనం చూసింది చూసినట్టు నాలుగు పారల బండి అన్నారు. అదే ఖాయమైంది.

నన్ను చేసినవాడు తాతారావు. కాలవగట్టు మీద వెల్డింగు షాపు ఆయనది. పొట్టి మనిషి, మాట తక్కువ, చేతులు మాత్రం ఊరుకోవు. నా పారలు ఒకప్పుడు ఏదో ఫ్యాక్టరీలో నీళ్లు మోసిన పెద్ద ఇనప గొట్టం. దాన్ని నిలువునా చీల్చి, కొసలు వాడిగా కోసి, అంచులు సానబట్టాడు. సిలిండర్లు మూలపడ్డ పొక్లెయిన్లవి. చట్రం పాత లారీది. అంటే నేను పుట్టకముందే మూడు చోట్ల చచ్చానన్నమాట.

ఆయన నన్ను చేసింది బావమరిది నూకరాజు కోసం. ఆ సంగతి నూకరాజుకు తప్ప అందరికీ తెలుసు.

మనుషులకు నీడ కావాలి, కానీ చెట్టు పెరిగేదాకా ఆగే ఓపిక లేదు. అందుకని ఎవరో పెంచిన నీడను లారీలో తెప్పించుకుంటారు. కడియం నర్సరీల్లో పెద్ద చెట్లకు గిరాకీ అంతా ఆ తొందర వల్లే. నేను రాకముందు ఆ పని గునపాలతో, పారలతో జరిగేది. చెట్టు చుట్టూ కందకం తవ్వి, వేళ్ల చుట్టూ మట్టిముద్ద చెదరకుండా చెక్కి, గోనెపట్టా చుట్టి, తాళ్లు బిగించి, చెక్కల మీదుగా లారీలోకి దొర్లించేవారు. ఆ పనిలో నూకరాజు జట్టును మించింది లేదని పేరు. ఆరడుగుల మేస్త్రీ. ఒకనాడు చెక్క మీద ముద్ద జారుతుంటే, కింద ఉన్నవాళ్లు నలిగిపోతారని తన వీపు అడ్డం పెట్టాడు. వాళ్లు బతికారు. ఆయన నడుం పోయింది. కర్ర పట్టుకుని నడుస్తాడు గానీ ఇక వంగకూడదు, బరువెత్తకూడదు అన్నారు డాక్టర్లు.

నూకరాజును ఆసుపత్రిలో చూసొచ్చిన తాతారావు, తన భార్య నాగమణితో ఒకటే మాట అన్నాడట, వాడు వంగకుండా చేసే పని ఒకటి ఉండాలని. మర్నాడే షాపు గచ్చు మీద సుద్దముక్కతో నా బొమ్మ గీశాడు. నూకరాజుకు మాత్రం చెప్పలేదు. మనుషులు చెడు చేసేటప్పుడు ముందుగా బెదిరించి మరీ చేస్తారు, మంచి మాత్రం చెప్పకుండా చేస్తారు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను దాదాపు పూర్తయ్యాక నూకరాజు కర్ర ఊతంతో షాపుకొచ్చాడు. ఇదేమిటని అడిగాడు. తాతారావు సంబరంగా ట్రాక్టరు స్టార్టు చేసి నా పారలు దింపి, ఎత్తి చూపించాడు. చూపించి ఊరుకున్నా బాగుండేది. మీ జట్టంతా పొద్దస్తమానం తవ్వే చెట్టును ఇది టీ తాగేలోపు లేపేస్తుందన్నాడు.

నూకరాజు నా చుట్టూ ఒకసారి తిరిగాడు. ముఖం మాడిపోయింది.

“నడుం ఎలాగూ పోయింది బావా,” అన్నాడు. “ఇప్పుడు పని కూడా తీసేత్తన్నావా?”

తాతారావు నోరు తెరిచేలోపే ఆయన గట్టు దిగి వెళ్లిపోయాడు. అంత పెద్ద సిలిండర్లు బిగించినవాడు, పరుగెత్తి వెళ్లి ఒక్క మాట చెప్పలేకపోయాడు.

ఆనాటి నుంచి రాకపోకలు లేవు. నాగమణి తమ్ముడికి కూర వండి పంపితే గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చేది. జట్టులోని కుర్రాళ్లు షాపు ముందు నుంచి పోతూ తల తిప్పుకునేవారు. ఇనుముతో పగ పెట్టుకున్నవాళ్లను చూడటం నాకు అదే మొదలు.

నా తొలి ప్రయత్నాలూ పగవాళ్లు సంతోషించేలాగే జరిగాయి. షాపు వెనక బాదం చెట్టు దగ్గర పారలు దిగి పైకెత్తబోతే, చెట్టు కదల్లేదు సరికదా ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. తాతారావు ట్రాక్టరు ముందు ఇసక బస్తాలు కట్టాడు. ఆయిలు గొట్టం పగిలి ఒళ్లంతా నూనె అయింది. గొట్టం మార్చాడు. అయినా మానలేదు.

ఆ వేసవిలో మాణిక్యమ్మ గారికి కష్టమొచ్చింది. ఆవిడది కౌలు భూమిలో నర్సరీ. భర్త పోయాక ఒంటి చేత్తో పెంచింది. భూమిగలాయన కల్యాణ మండపం కట్టుకుంటానని, వానలు పడేలోపు ఖాళీ చెయ్యమన్నాడు. కుండీల్లో మొక్కలంటే బండ్లకెత్తొచ్చు. నేలలో పాతుకున్న పొగడలూ పున్నాగలూ ఉన్నాయే, అవే ఆవిడ ఆస్తి. లేపకపోతే బుల్డోజరు పాలు. ఆవిడ ముందు నూకరాజు ఇంటికే వెళ్లింది. మేస్త్రీ లేని జట్టు గడువులోపు చెయ్యలేదని, ఒప్పుకుని మధ్యలో వదిలేస్తే చెట్లు ఎండిపోతాయని ఆయన ఉన్నమాట చెప్పాడు. ఆ బండి సంగతేమిటని ఆవిడ అడిగితే, నాకు తెలీదండి అన్నాడు. ఆవిడ తాతారావు దగ్గరికొచ్చింది.

వెళ్లాం. మొదటి పొగడను పట్టుకున్నాను. పారలు దిగాయి, కలిశాయి, పైకి లేచాయి. చెట్టూ లేచింది. లేస్తూ లేస్తూనే మట్టి జలజలా రాలిపోయి వేళ్లు బోసిగా వేలాడాయి. రెండో చెట్టూ అంతే. మాణిక్యమ్మ గారు తిట్టలేదు. పడిపోయిన పొగడ పక్కన కూర్చుని, ఇక ఆపమన్నట్టు చెయ్యి ఊపింది. తిట్టినా బాగుండేది. తాతారావు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంటూ చాలాసేపు ముఖం మీదే ఉంచుకున్నాడు.

అన్నం క్యారియరుతో వచ్చిన నాగమణి అదంతా చూసింది. క్యారియరు అక్కడే పెట్టి నేరుగా తమ్ముడి ఇంటికి పోయింది. అక్కడ ఏమందో తర్వాత ఆవిడే చెప్పగా విన్నాను.

“ఇంట్లో కూచుని తిడితే ఆయనకి వినపడదురా. వచ్చి ఎదురుగా తిట్టు.”

అక్క వెనకే నూకరాజు వచ్చాడు. బావ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. పడిన చెట్టు దగ్గర నిలబడి, కర్రతో గుంట అంచును పొడిచాడు. మట్టి పొడిపొడిగా రాలింది.

“తడపకుండా దింపేసేవా?”

“ఎండిన నేల తేలిగ్గా తెగుద్ది అనుకున్నాను.”

“తెగుద్ది. నిలవదు.”

అంతే. మాణిక్యమ్మ గారికి పాదుల్లో నీళ్లు నిండుగా పెట్టించమని, అవి ఇంకి మట్టి పట్టు వచ్చేదాకా ఎవర్నీ చెట్టు ముట్టుకోనివ్వొద్దని చెప్పాడు. పోబోతూ నా దగ్గర ఆగాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు.

నన్ను నడిపే లీవర్లు ట్రాక్టరు సీటు వెనక ఉండాల్సింది. తాతారావు వాటిని అక్కడ పెట్టలేదు. పక్కగా ఒక ఇనప స్తంభం నిలబెట్టి, దాని మీద అమర్చాడు, నిలబడి నడపడానికి. స్తంభం దగ్గర నేల మీద రెండు ఇటికలు పేర్చి ఉన్నాయి. పొద్దున్నుంచీ తాతారావు వాటి మీద నిలబడే నన్ను నడిపాడు.

“ఇటికలెందుకు బావా?”

“నాకందట్లేదు.”

“మరి అంత ఎత్తున ఎందుకు పెట్టేవు?”

తాతారావు తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“నా కోసం పెట్టలేదు,” అన్నాడు.

నూకరాజు కాలితో ఇటికలను పక్కకు నెట్టి, స్తంభం దగ్గర నిటారుగా నిలబడ్డాడు. చెయ్యి చాచక్కర్లేదు, నడుం వంచక్కర్లేదు. లీవరు పిడి సరిగ్గా ఆయన అరచేతిలోకొచ్చింది. కర్రను స్తంభానికి ఆనించాడు. నాగమణి క్యారియరు విప్పి, విస్తరాకులు రెండు కాక మూడు వేసింది.

మట్టికి పట్టు వచ్చాక పని మొదలైంది. నూకరాజు లీవర్ల దగ్గర, తాతారావు ట్రాక్టరు మీద. చెట్టు లేవగానే జట్టు కుర్రాళ్లు గోనె చుట్టేవారు. నూకరాజు చెయ్యి పడ్డాక తెలిసింది నాకు, నేలలోకి దిగడం వేరు, నేలను అడిగి దిగడం వేరని. పారకు రాయి తగిలితే స్తంభంలో చిన్న వణుకు వస్తుంది. ఆయన వెంటనే ఆపి, కొంచెం ఎత్తి, మళ్లీ దింపేవాడు. వానలు మొదలయ్యేలోపు నేల ఖాళీ అయింది. తీసుకెళ్లిన చెట్లలో కొన్ని చచ్చాయి, చాలావరకు చిగురేశాయి. కల్యాణ మండపం మాత్రం నేటికీ లేవలేదు. గుంటల్లో తుంగ మొలిచి, ఎవరివో గేదెలు మేస్తున్నాయి.

అందరికీ మంచే జరిగిందని చెప్పను. నేనొచ్చాక అంత జట్టు అవసరం లేకపోయింది. ఇద్దరు వేరే బతుకు వెతుక్కున్నారు. ఒకడు ఆటో కొనుక్కున్నాడు, ఇంకొకడు తాపీ పనికి పోయాడు. వాళ్లు దారిలో ఎదురైతే నూకరాజే ముందుగా పలకరించేవాడు. పలకరించిన రోజు లీవర్ల దగ్గర మాట్లాడేవాడు కాదు. తప్పు నాదా, తాతారావుదా అని జనం చాలాకాలం తర్కించారు. నేను చేసిందల్లా లీవరు నెడితే మూసుకోవడం, లాగితే తెరుచుకోవడం.

అలా చాలా ఏళ్లు తిరిగాను. పారలు సానపెట్టీ సానపెట్టీ పలచబడ్డాయి. మొన్న ఒక తోటలో పూడిపోయిన సిమెంటు దిమ్మ తగిలి ఒక పార మడత పడింది, చట్రం బీటలు వారింది. తాతారావు అతకడానికి చూశాడు, నిలవలేదు. ఇప్పుడు ఇంకా పెద్దది చేస్తున్నారు ఇద్దరూ కలిసి. నా చట్రంలో పనికొచ్చే ముక్కలు దానికి వాడతారు, మిగిలింది పాత ఇనుముకే.

ఈ పొద్దున నన్ను షాపు ముందుకు లాగారు. తాతారావు గ్యాస్ కట్టరు వెలిగించి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు నిలబడిపోయాడు. ఇన్నేళ్లు అన్నం పెట్టిందిరా, చెయ్యి రావట్లేదన్నాడు.

“ఇనుముకేం తెలుత్తాది బావా,” అన్నాడు నూకరాజు. “కోసెయ్.”

అని లోపలికి పోతాడనుకున్నాను. పోలేదు. పక్కనున్న బల్ల మీద కూర్చోమన్నా కూర్చోలేదు. తెగిన ముక్క ధడాలున నేల మీద పడకుండా, రెండు చేతులా నన్ను పట్టుకుని నిలబడ్డాడు. నిప్పురవ్వలు చొక్కా మీద పడుతున్నా పట్టు వదల్లేదు.

ఇనుముకేం తెలుసని ఆయన నమ్మకం. పోనీ, అలాగే అనుకోనీ.